పుట్టినతేదీ ఉన్న ఎలుకలు

మేం పనిచేసే చోట ప్రతి బోనుకూ ముందువైపు ఒక కార్డు తగిలించి ఉంటుంది. ఎలుక ఏ జాతిది, ఆడదా మగదా, ఏ ప్రయోగానికి కేటాయించారు అన్నవి దాని మీద రాసి ఉంటాయి. అన్నిటికంటే పైన పుట్టినతేదీ ఉంటుంది. ఆ తేదీ లేని ఎలుక మాకు పనికిరాదు. వయసు మీద జరిగే ప్రయోగంలో వయసు తెలియని ప్రాణిని పెట్టలేం కదా.

మా అమ్మకు పుట్టినతేదీ లేదు.

మాలో ఒకరికి ఆమె కన్నతల్లి, ఒకరికి అత్తమ్మ. పెళ్లయి పాతికేళ్లు దాటింది కనుక ఇప్పుడు ఇద్దరికీ అమ్మే. ఆధార్ కార్డు మీద 1948 జనవరి 1 అని ఉంది. ఆ తేదీ వేసింది కార్డులు తీయడానికి వచ్చిన కుర్రాడు. "ఎన్నేళ్లుంటాయి మామ్మా?" అని అడిగి, ముఖం వంక చూసి, తనే ఒకటి వేశాడు. అమ్మ లెక్క వేరు. "సాగర్ డ్యాముకి నెహ్రూ రాయి ఏసిన యేడు నేను అప్పుడప్పుడే పాకతన్నానంట. మా అమ్మ చెప్పేది" అంటుంది. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. అమ్మ మాట నిజమైతే ఆధార్ కార్డు ఆమెను ఏడేళ్లు ముందే ముసలిదాన్ని చేసింది. పల్నాడులోని మా పేటలో ఆ తరంవాళ్లు ఎవరి పుట్టుకా ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు. బడికి వెళ్లినవాళ్లకు పంతులుగారు వేసిన తేదీ ఒకటి ఉంటుంది. అమ్మ బడి మొహం చూడలేదు.

ఇరవై రెండేళ్లుగా మేమిద్దరం హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ జంతుశాలలో పనిచేస్తున్నాం. మొదట బోన్లు కడిగే కాంట్రాక్టు పనివాళ్లుగా చేరాం. తర్వాత శిక్షణ తీసుకుని సూదులు వేయడం, రక్తం తీయడం, చనిపోయిన ఎలుకను కోసి అవయవాలు వేరుచేయడం నేర్చుకున్నాం. మేం శాస్త్రవేత్తలం కాదు. అయితే వాళ్ల పత్రాల్లోని గ్రాఫులో ఒక చుక్కగా కనిపించేది మా చేతుల్లో పెరిగిన ఒక ప్రాణి. గత ఎనిమిదేళ్లుగా మాకు అప్పజెప్పింది ముసలి ఎలుకల గది. వయసు పెరిగేకొద్దీ రోగనిరోధక శక్తి ఎలా మారుతుందో చూసే ప్రయోగాలకు ఆ ఎలుకలను పెంచుతాం.

ఇవి ఇళ్లలో తిరిగే ఎలుకలు కావు. 'సి57 బ్లాక్ 6' అనే నల్లటి చిట్టెలుకలు. ప్రపంచంలో ఎక్కువ ప్రయోగశాలల్లో వాడేవి ఇవే. అమెరికాలో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే శాస్త్రవేత్త 1921లో మొదలుపెట్టిన వంశం ఇది. తరతరాలుగా తోబుట్టువులనే జతకట్టించడం వల్ల ఇవన్నీ కవల పిల్లల్లాగా దాదాపు ఒకే జన్యువులతో పుడతాయి. అందువల్ల రెండు ఎలుకల మధ్య తేడా కనిపిస్తే అది పుట్టుకవల్ల వచ్చింది కాదు, వయసువల్లో తిండివల్లో వచ్చిందని చెప్పే వీలుంటుంది. మూడు నుంచి ఆరు నెలల ఎలుకను మనిషిలో 20 నుంచి 30 ఏళ్ల వయసుతో పోలుస్తారు. 18 నుంచి 24 నెలల ఎలుకను 56 నుంచి 69 ఏళ్ల వయసుతో పోలుస్తారు. రెండేళ్లు దాటి ఇంకొన్ని నెలలు గడిచేసరికి సగం ఎలుకలు పోతాయి. మూడేళ్లు బతికేవి అరుదు.

ముసలి ఎలుక కావాలంటే రెండేళ్లు పెంచాలి. పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి, లెక్కప్రకారం మేత, మరిగించి చల్లార్చినంత శుభ్రమైన నీళ్లు. పండగైనా, కర్ఫ్యూ అయినా ఒకరు వెళ్లాల్సిందే. అన్ని రోజులు చూశాక ఎలుక ఆరోగ్యం మాకు నడకలోనే తెలుస్తుంది. వయసు మీదపడ్డ ఎలుక బొచ్చు గోధుమరంగుకు తిరుగుతుంది, వీపు వంగుతుంది, కొన్నిటికి కళ్లలో పొర వస్తుంది. ఇది ముసలితనం. జబ్బు వేరు. జబ్బుపడితే బోనులో వేసిన దూదిని చించి గూడు కట్టుకోవడం మానేస్తుంది. ఒక మూలకు చేరి, ముడుచుకుని, బొచ్చు రేగి కూర్చుంటుంది. పట్టుకుంటే ఒళ్లు వేడిగా ఉంటుందని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. జబ్బుపడ్డ ఎలుకలో వేడి పెరగడం కన్నా పడిపోవడమే మేం ఎక్కువగా చూశాం. గూడు కట్టని ఎలుక కనిపిస్తే రిజిస్టరులో ఎర్రసిరాతో రాసి వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. అది మా గదిలో మొదటి నియమం.

ప్రయోగం పైకి చూస్తే చాలా చిన్నది. ఒకే రోజు, ఒకే సీసాలోంచి, మూడు నెలల ఎలుకకూ ఇరవై రెండు నెలల ఎలుకకూ టీకా వేస్తాం. కొన్ని వారాల తర్వాత రక్తం తీసి ఇస్తాం. పిల్ల ఎలుక రక్తంలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి. ముసలిదాని రక్తంలో తక్కువగా, ఆలస్యంగా వస్తాయి. ఫ్లూ వైరస్ సోకించినా అంతే. వయసులో ఉన్నది ఊపిరితిత్తుల్లోంచి వైరస్‌ను త్వరగా తుడిచేస్తుంది. ముసలిదానికి ఇంకా రోజులు పడుతుంది, ఒక్కోసారి ఆ రోజులు దక్కవు.

ఎందుకిలా? కోసి చూస్తే ఒక కారణం కంటికే కనిపిస్తుంది. రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన థైమస్ అనే గ్రంథి ఉంటుంది. చిన్న ఎలుకలో అది రెండు తెల్లటి రెక్కల్లాగా స్పష్టంగా ఉంటుంది. రెండేళ్ల ఎలుకలో దాన్ని కొవ్వు మధ్య వెతుక్కోవాలి. ఒకప్పుడు ఆ గ్రంథికి పనేమీ లేదనుకునేవాళ్లు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూశారు. అవి రోగాలతో పోరాడలేకపోయాయి. శరీరానికి కొత్త శత్రువును గుర్తుపట్టే టి కణాలు తయారయ్యేది అక్కడే. టి అన్న అక్షరం థైమస్ పేరులోదే. యవ్వనం వచ్చినప్పటి నుంచీ ఆ గ్రంథి ఎండిపోతూ వస్తుంది. కొత్త టి కణాల రాక తగ్గిపోతుంది. ఇదివరకు చూసిన రోగాలను గుర్తుపెట్టుకున్న కణాలు మిగులుతాయి. ఇంతవరకూ ఏ రోగాన్నీ చూడని, కొత్తదాన్ని నేర్చుకోగలిగిన కణాలు కరువవుతాయి. ఉన్న ఆ కొద్దీ ఎంతోకాలంగా ఎదురుచూస్తూ తామే ముసలివైపోతాయి.

ఈ మాటను పరీక్షించి చూసినవాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో శరనాక్ లేక్ అనే ఊళ్లోని ట్రూడో ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు. పాత క్షయరోగుల శానటోరియం నుంచి ఎదిగిన సంస్థ అది. లారా హేన్స్, సుసాన్ స్వేన్ బృందం 2003లో ఒక సంగతి చూపించింది. వయసులో ఉన్న ఎలుక కొత్త కణాలకు ఒక పాఠం నేర్పితే, ఆ జ్ఞాపకం ముసలితనంలో కూడా బాగా పనిచేసింది. ముసలి ఎలుక కణాలకు అదే పాఠం నేర్పితే ఆ జ్ఞాపకం బలహీనంగానే ఉండిపోయింది. వాళ్లే 2005లో ఇంకొకటి చూపించారు. ముసలి ఎలుక ఒంట్లో అప్పుడే కొత్తగా పుట్టేలా చేసిన టి కణాలు చక్కగా పనిచేశాయి. అంటే లోపం ఆ ఒంటి వయసులోనే లేదు. కణం ఎంతకాలంగా ఎదురుచూస్తున్నదనే దానిలో ఉంది.

శాస్త్రవేత్తలు ఒక మధ్యాహ్నం ఈ పత్రాల గురించి మాకు అర్థమయ్యేట్టు చెప్పిన రోజున ఇంటికొచ్చి అమ్మ చేయి చూశాం. ఆమె ఎడమ చేతి మీద రెండు గుండ్రటి మచ్చలున్నాయి. చిన్నప్పుడు ఊళ్లోకొచ్చిన మశూచి టీకాలవాళ్లు వేసినవి. వాళ్లొస్తే పేటలో పిల్లలంతా జొన్నచేలోకి పారిపోయేవాళ్లట. అమ్మను ఆమె నాయనే పట్టుకొచ్చి చేయి చాపించాడట. పక్కింట్లో అమ్మవారు పోసి ఇద్దరు పిల్లలు పోయిన యేడు అది. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. ఎన్నో ఏళ్ల కిందట ఆ టీకా వేయించుకున్నవాళ్లను అమెరికాలో పరీక్షించి 2003లోనే ఒక పత్రం వేశారు. 25 నుంచి 75 ఏళ్లు గడిచినా నూటికి తొంభై మందికి పైగా శరీరంలో ఆ జ్ఞాపకం ఇంకా మిగిలి ఉంది. పుట్టినతేదీ తెలియని మా అమ్మ ఒంట్లో, చిన్నతనంలో నేర్చుకున్న ఒక పాఠం చెరగకుండా ఉందన్నమాట. ఆ రోజు మాకు సంతోషమే అయింది. దాని రెండో సగాన్ని మేం పట్టించుకోలేదు. చిన్నప్పుడు నేర్చుకోని రోగం ఇప్పుడొస్తే ఆమె ఒళ్లు ఏంచేస్తుందని మేం ఆలోచించలేదు.

పోయిన సంక్రాంతికి వారం ముందు అమ్మ తిండి తగ్గించింది. ఆకలి లేదంది. మంచం మీద గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంది. ఎంత చలిలోనైనా లేవగానే తన దుప్పటి తనే మడతపెట్టుకునే మనిషి, దుప్పటి అలాగే వదిలేసింది. మూడోరోజు పొద్దున, "మీ నాయన ఇంకా రాలేదేందిరా?" అని అడిగింది. నాన్న పోయి పదకొండేళ్లు. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే థర్మామీటరు పెట్టి చూశారు. జ్వరం లేదు. "వయసు మీదపడిందండీ, కాస్త నీరసం" అని బలానికి మాత్రలు రాసిచ్చి పంపారు. మేమూ నమ్మాం. నమ్మడం తేలిక. వయసు అన్నమాట ఒకటి చెబితే ఇంకేమీ వెతకక్కర్లేదు.

రెండు రోజుల తర్వాత ఆయాసం మొదలైంది. వేరే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. నిమోనియా. అక్కడి డాక్టరమ్మ చెప్పిన మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "పెద్దవయసులో నిమోనియాకు జ్వరం రావాలని లేదు. తిండి మానేయడం, మగతగా ఉండటం, మాట తడబడటం, ఇవే గుర్తులు" అంది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి అమ్మ బయటపడింది. ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరకు వెళ్లలేదు.

ఆ మొదటి మూడు రోజులూ మేమిద్దరం డ్యూటీకి వెళ్లాం. అందులో ఒక రోజు నాలుగో అరలో ఒక ముసలి ఎలుక గూడు కట్టలేదు. మూలకు చేరి ముడుచుకుంది. ఎర్రసిరాతో రాశాం, పశువైద్యుడికి ఫోను చేశాం. సాయంత్రం ఇంటికొచ్చి, మడతపెట్టని దుప్పటిని చూసి, చలికి బద్ధకించిందేమో అనుకున్నాం.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఇంకొక కారణం కూడా ఉంది, అది చెప్పడం ఇంకా కష్టం.

ఆదివారం మా కాలనీ విహారంలో పంచశీల తీసుకుంటాం. మొదటి శీలం ప్రాణిహింసకు దూరంగా ఉంటానని. ఎన్నో ఏళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గర మా గొంతు తగ్గేది. శుక్రవారం కార్బన్ డయాక్సైడ్ పెట్టెలోకి ఎలుకలను దించిన చేతులే ఆదివారం జోడించేవి. ఒకసారి ఒక పెద్దాయన సూటిగానే అడిగాడు. "మీ పనికీ ఈ శీలానికీ ఎట్లా కుదురుతుంది?" మేం బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథాన్ని అడ్డం పెట్టుకున్నాం. చంపాలనే కోరికకూ చంపక తప్పని అవసరానికీ బాబాసాహెబ్ అందులో తేడా చూపారు. అహింసను గుడ్డిగా పాటించే నియమంగా కాక, మనిషి ఆలోచించి ఆచరించాల్సిన సూత్రంగా వివరించారు. మాకు ఎలుకలను చంపాలనే కోరిక లేదు, అవసరం ఉంది అన్నాం. పెద్దాయన ఇంకేమీ అనలేదు.

అమ్మ ఆసుపత్రిలో ఉన్న రాత్రుల్లో ఆ జవాబు మాకే చాలలేదు. అవసరం అంటే ఎవరి అవసరం? ముసలి ఒంట్లో జబ్బు ఎలా దాక్కుంటుందో తెలుసుకోవడానికి ఆ ఎలుకలు పోయాయి. ఆ తెలిసింది మా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. ఎనిమిదేళ్లు ఆ గదిలో ఉన్న మాకే రాకపోతే, మా పేటలో ఆధార్ తేదీలతో బతుకుతున్న ముసలివాళ్లకు ఎవరు చెబుతారు? తెలుసుకున్నది అవసరమున్నవాళ్లకు చేరకపోతే ఆ చావును అవసరమని ఎలా అనగలం? మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ప్రయోగాల మీద కమిటీ ఉంది. ప్రతి సంస్థలోనూ నైతిక సంఘం ఉంది. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, వేరే దారి లేదా అని వాళ్లు అడుగుతారు. అడగాలి కూడా. అయితే ప్రయోగం అయిపోయాక దాని ఫలితం ఎవరి దాకా వెళ్లిందని అడిగే గడి ఆ ఫారంలో మేం చూడలేదు. ఆ గడి మేమే నింపాలనుకున్నాం.

నింపేముందు ఒక హెచ్చరిక చెప్పాలి. ఎలుక మనిషి కాదు. ఎలుకలో కొత్త టి కణాలు జీవితమంతా ఎక్కువగా థైమస్ నుంచే వస్తాయి. పెద్దవాడైన మనిషిలో ఎక్కువగా పాత కణాలే విడిపోతూ ఆ సంఖ్యను నిలబెడతాయి. ఇంకొక సంగతి కూడా ఉంది. మా ఎలుకలు అతిశుభ్రమైన గదుల్లో, వడగట్టిన గాలిలో పెరుగుతాయి. 2016లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంవాళ్లు ఇలాంటి ఎలుకల రోగనిరోధక వ్యవస్థను పరిశీలించారు. అది పెద్ద మనిషిది కన్నా అప్పుడే పుట్టిన శిశువుదిలా ఉందని గుర్తించారు. అంగట్లో అమ్మే మామూలు ఎలుకలతో కలిపి ఉంచితే, బతికి బయటపడ్డవాటి వ్యవస్థ పెద్ద మనిషిదిలా మారింది. 2021లో అదే విశ్వవిద్యాలయం నుంచి ఇంకొక పత్రం వచ్చింది. శుభ్రమైన గదిలో పెరిగిన ముసలి ఎలుకలను ఇలాగే మామూలు క్రిముల మధ్యకు తెచ్చారు. ఆ క్రిముల్లో ఎలుకలకు వచ్చే ఒక కరోనా వైరస్ కూడా ఉంది. ముసలివి దాదాపు అన్నీ చనిపోయాయి. ముసలి కణాలను తొలగించే మందులు ఇస్తే ఆ చావులు బాగా తగ్గాయి. ఆ ముసలి ఒళ్లు పోరాడలేదని కాదు. వయసుతోపాటు లోపల ఎప్పుడూ సన్నగా రగులుతుండే మంట ఒకటి ఉంటుందని ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ 2000లోనే దానికి పేరు పెట్టి చెప్పారు. రోగం వచ్చినప్పుడు ఆ మంట ఎగదోసుకుంటుంది. ముసలివాళ్ల రోగనిరోధక శక్తి కేవలం నీరసపడటం కాదు, అవసరమైన చోట తగ్గి, అక్కర్లేని చోట పెరుగుతుంది.

ఎలుకలో పనిచేసిన మందు మనిషిలో పనిచేస్తుందనీ లేదు. రాపమైసిన్ అనే మందు 2009లో ముసలి ఎలుకల ఆయుష్షును పెంచింది. ఫ్లూ టీకాకు వాటి స్పందననూ మెరుగుపరిచింది. ఆ తరహా మందు పెద్దవయసు మనుషుల్లో మొదట ఆశ పుట్టించింది, తర్వాత 2019లో పెద్ద పరీక్షలో గట్టెక్కలేదు. కనుక మందుల షాపులో ముసలితనానికి మాత్ర దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

నమ్మదగినవి మూడు మాటలున్నాయి. ఎలుకల్లో చూసినది మనుషుల్లోనూ సరిపోయినవి అవి.

మొదటిది, చిన్నతనంలో వేయించే టీకా చిన్నతనానికే కాదు. అది ముసలితనానికి దాచుకునే సొమ్ము. పేటలో ఏ పిల్లకైనా ఒక మోతాదు తప్పితే, ఆ నష్టం ఇప్పుడే కాదు, యాభై ఏళ్ల తర్వాత కూడా కనిపిస్తుంది.

రెండోది, ముసలి ఒళ్లు కొత్తగా నేర్చుకోలేదని కాదు, గట్టిగా నేర్పాలి. 2004లో హేన్స్ బృందమే ముసలి ఎలుకలకు టీకాతోపాటు ఒంటిని రెచ్చగొట్టే పదార్థాలు తోడిస్తే కణాల స్పందన బాగుపడిందని చూపింది. మనుషుల్లో కూడా ఇదే దారి. 65 దాటినవారికి నాలుగు రెట్ల మోతాదు ఫ్లూ టీకా అమెరికాలో 2009 నుంచి ఉంది. అక్కి అని మనం పిలిచే జబ్బుకు, అలాంటి ఉద్దీపకం కలిపి చేసిన టీకా 70 దాటినవారిలో కూడా నూటికి దాదాపు తొంభై మందిని కాపాడింది. కనుక 'ఈ వయసులో ఎందుకు' అన్నది తప్పు మాట. మన సార్వత్రిక టీకా కార్యక్రమం పిల్లలకూ గర్భిణులకూ ఉద్దేశించింది. ముసలివాళ్లకు ఫ్లూ, నిమోనియా టీకాలు కావాలంటే మనమే డబ్బు పెట్టుకోవాలి. కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. దాన్ని ప్రభుత్వం ఇవ్వాలని అడగడం మన సంఘాలు చేయాల్సిన పని.

మూడోది, ముసలివాళ్లను కాపాడే టీకా ఒక్కోసారి పిల్లల చేతికి వేయాలి. జపాన్‌లో 1962 నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకాలు వేశారు. 1977లో తప్పనిసరి చేశారు. 1987లో సడలించి 1994లో ఆపేశారు. ఆపాక మరణాలు పెరిగాయి. వాటిలో ఎక్కువ పెద్దవయసువాళ్లవి. ఆ టీకాలు ఏడాదికి 37 వేల నుంచి 49 వేల చావులను ఆపి ఉంటాయని 2001లో లెక్కగట్టారు. త్వరగా నేర్చుకునే ఒళ్లు నేర్చుకుంటే, నేర్చుకోలేని ఒంటికి రోగం చేరదు.

వీటన్నిటికంటే ముందు, ఖర్చు లేనిది ఒకటి ఉంది. ఇంట్లో ముసలివాళ్లు తిండి తగ్గిస్తే, మగతగా ఉంటే, పోయినవాళ్ల గురించి అడిగితే, కాలు తడబడి పడితే, జ్వరం లేదని ఊరుకోవద్దు. వయసే కారణమని ఎవరన్నా సరే, ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో లెక్కపెట్టమని, ఆక్సిజన్ చూడమని అడగండి. మన పేటల్లో ముసలివాళ్ల జబ్బును వయసు అని, కర్మ అని, పిలుపొచ్చిందని సరిపెట్టడం ఎన్నో తరాలుగా జరిగింది. జర అందరికీ వస్తుంది, అది సత్యం. నిమోనియా జర కాదు. ఒకదానిపేరు చెప్పి రెండోదాన్ని వదిలేయడం అజ్ఞానం.

కోలుకున్న రెండు నెలలకు అమ్మను టీకాలకు తీసుకెళ్లాం. "కాటికి కాళ్లు చాపినదానికి ఇప్పుడెందుకురా సూదులు, పిల్లలకెయ్యండి" అంది. పిల్లలకూ వేయించాం, మేమూ ఫ్లూ టీకా వేసుకున్నాం అని చెబితే ఒప్పుకుంది. ఆటోలో తిరిగొస్తూ అడిగింది.

"మీ ఎలకలకి గూడా ఇట్టాగే సూదులేస్తారా?"

"వేస్తామమ్మా."

"తగ్గుద్దా వాటికి?"

"కొన్నిటికి తగ్గుద్ది."

"తగ్గినయ్యి ఏం చేస్తారు?"

మేమిద్దరం జవాబు చెప్పలేదు. అమ్మ కాసేపు రోడ్డు వంక చూసింది. "పాపం" అంది. తర్వాత సూది వేసిన చేయి నొప్పి పుడుతోందంది.

ఇప్పుడు ఆదివారాల్లో మొదటి శీలం దగ్గర మా గొంతు తగ్గడం లేదు. కుదిరిందని కాదు. కుదరలేదని తెలిసే చెబుతున్నాం. నెలకో ఆదివారం వందనం అయ్యాక విహారంలో అరగంట కూర్చుని పెద్దవాళ్ల జబ్బుల గుర్తుల గురించి చెబుతున్నాం. వచ్చిన ప్రతివాళ్లకూ ఒక కాగితం ఇచ్చి ఇంట్లో ముసలివాళ్లు రోజూ ఏం చేస్తారో రాసిపెట్టుకోమంటున్నాం. లేవడం, తినడం, దుప్పటి మడత. ఏది మానేశారో తెలియాలంటే ముందు ఏది చేసేవాళ్లో తెలియాలి.

అమ్మ టీకాల కార్డు బీరువా తలుపు లోపలివైపు అంటించాం. పుట్టినతేదీ గడిలో ఆధార్‌లోని తేదీయే ఉంది. నర్సమ్మ అదే రాసింది, అమ్మ వద్దనలేదు. దాని కింద నిమోనియా టీకా రెండో సూది తేదీ ఉంది, ఏడాది తర్వాతది. ఆ తేదీ మాత్రం మేం రెండుసార్లు సరిచూసుకుని రాసింది.